తొవ్వంతా చుట్టాలే!

మేడారానికి హెలికాప్టర్ వచ్చింది. వేల ఆర్టీసీ బస్సులు తిరుగుతున్నాయి. అయినా ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి సమ్మక్క, సారలమ్మ తల్లుల గద్దెల దాకా కాలినడకన పోయేవాళ్ల వరుస తెగలేదు. వాళ్లను నడిపించే బలంలో సగం కాళ్లది, సగం తొవ్వ పక్క వాకిళ్లది.

మేడారం జాతర బుధవారం మొదలవుతుందని అందరికీ తెలుసు. అంతకు ఒక రోజు ముందే, మంగళవారం నాడే, మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్లలో డోళ్లు మోగుతాయి. సమ్మక్క పెనిమిటి పగిడిద్దరాజును పెనక వంశం పూజారులు పెండ్లికొడుకును చేస్తారు. గుడిలో పూజ ముగించి, స్వామి గుర్తులు భుజాన ఎత్తుకుని ఊరు దాటుతారు. అక్కడి నుంచి మేడారం అరవై కిలోమీటర్లకు పైనే. ఎంత అలసినా బండి ఎక్కరు. అడవి తొవ్వల వెంట, వాగులు దాటుకుంటూ కాలినడకనే సాగుతారు. మధ్యలో తగిలే ఊళ్లలో ఆడవాళ్లు బిందెలతో నీళ్లు ఆరబోసి, హారతులు పట్టి, కొబ్బరికాయలు కొట్టి సాగనంపుతారు. పొద్దుగూకాక గోవిందరావుపేట మండలం లక్ష్మీపురంలో ఆగుతారు. ఆ రాత్రికి పగిడిద్దరాజు అక్కడి పెనక వాళ్ల ఇంటి చుట్టం. తెల్లారగానే మళ్లీ నడక.

బుధవారం ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి సమ్మక్క బిడ్డ సారలమ్మకు భర్త అయిన గోవిందరాజు బయల్దేరి వస్తాడు. మేడారం పక్కనున్న కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. జంపన్నవాగు మీద వంతెన ఉన్నా ఆమె తొవ్వ నీళ్లలోంచే. కన్నెపల్లి గుడి ముందు పిల్లలు కావాలనేవాళ్లు, జబ్బులు నయం కావాలనేవాళ్లు తడిబట్టలతో నేల మీద వరుసగా పడుకుంటారు. అమ్మను ఎత్తుకున్న పూజారి వాళ్లను దాటుకుంటూ నడుస్తాడు. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగి వస్తుంది. ఆ నలుగురూ గద్దెల మీద కూడినప్పుడే జాతర నిండుతుంది.

ఎక్కడైనా భక్తులు దేవుడి దగ్గరికి నడుస్తారు. ఇక్కడ వేల్పులు కూడా నడుస్తారు. ఎండకు ఎండి, రాత్రికి ఒకరింట్లో విడిది చేసి, ఊరివాళ్లు పోసిన నీళ్ల మీదుగా అడుగులేసి గద్దెలకు చేరతారు. ఈ జాతరకు మొట్టమొదటి బాటసారులు వాళ్లే, మొట్టమొదటి అతిథులూ వాళ్లే. అందుకే మేడారం తొవ్వ మీద నడిచే మనిషి కనిపిస్తే ఊళ్లు ఊరుకోవు. పేరు అడక్కముందే చెంబు అందుతుంది.

హనుమకొండ నుంచి గద్దెల దాకా

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు జరిగే ఈ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. వచ్చే జనం కోటి దాటుతారని లెక్క. వాళ్లలో ఎక్కువమంది బస్సుల్లో, కార్లలో, ట్రాక్టర్లలో, డీసీఎం వ్యాన్లలో వస్తారు. హనుమకొండ నుంచి హెలికాప్టర్లు కూడా ఎగిరాయి. రాలేనివాళ్లు ఆర్టీసీ కార్గోలో ప్రసాదం ఇంటికే తెప్పించుకుంటున్నారు. ఇన్ని సౌకర్యాల నడుమ నడిచేవాళ్ల సంఖ్య చిన్నదే. కానీ తొవ్వ పక్క ఊళ్లకు తెలిసిన మేడారం భక్తుడు ఆ నడిచేవాడే. కారులో పోయేవాడు వాళ్లకు దుమ్ముగా కనిపించి పోతాడు. నడిచేవాడు మనిషిగా కనిపిస్తాడు.

పాత కాలంలో ఎడ్లబండ్లే దిక్కు. పైన గుడారం కట్టిన బండ్లు వరుసగా కదిలేవి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు బండిలో, మిగతావాళ్లు వెనక. ఎడ్లు అలసిన చోట మకాం, చెరువు కనిపించిన చోట వంట. బండి ఉన్న ఇంటివాళ్లు కూడా చాలా దూరం నడిచేవాళ్లే. ఆ మకాంలలో కలిసిన కుటుంబాలు తర్వాత వియ్యాలందుకున్న ముచ్చట్లు పాత తరం ఇప్పటికీ చెబుతుంది.

హనుమకొండ నుంచి మేడారం సుమారు వంద కిలోమీటర్లు. ఊరి పొలిమేర దాటాక ఆత్మకూరు, కటాక్షపురం, మల్లంపల్లి, జాకారం. వానలు బాగా పడ్డ ఏడు కటాక్షపురం చెరువు మత్తడి రోడ్డు మీద నుంచే దూకుతుంది. జాకారం దాటాక ములుగు ముంగిట గట్టమ్మ తల్లి. నాయకపోడు పూజారులు సేవించే ఈ తల్లికి మొక్కనిదే మేడారం మొక్కు తీరదని నమ్మకం. బస్సులు కూడా ఇక్కడ ఆగుతాయి. నడిచేవాళ్లకైతే ఇది సగం తొవ్వ గడిచిందని గుర్తు. చెట్ల నీడలో మూటలు దించి, కాళ్లు చాపుకుని, ముందున్న అడవికి మనసు గట్టి చేసుకునే చోటు. ములుగు, గోవిందరావుపేట దాటి పస్రా చేరితే అక్కడ తొవ్వ రెండుగా చీలుతుంది. తాడ్వాయి మీదుగా ఒకటి, నార్లాపూర్ మీదుగా ఒకటి. ఇక అంతా అడవే.

నెత్తిన తల్లులకిచ్చే ‘బంగారం’, అంటే బెల్లం మూట, భుజాన దుప్పటి, చంకలో తల్లికి ఎగరేసే ఎదురుకోడి. కొందరి కాళ్లకు చెప్పులుండవు. తెల్లవారుజామున మంచులో లేచి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏదో ఒక చెట్టు కిందికి చేరి, చల్లబడ్డాక మళ్లీ కదలడం వాళ్ల లెక్క. తారు రోడ్డు కాలితే పాదాలకు గుడ్డ చుట్టుకుంటారు. గుంపులో ఒకరు వెనకబడితే అందరూ ఆగుతారు. ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు, ముందున్నవాళ్లే వెనక్కి చూసుకుంటారు.

మిరప కల్లం కాడ ఒక రాత్రి

జాతర వచ్చే కాలం మిరపకాయ ఏరే కాలం. రోడ్డుకు రెండు వైపులా కల్లాలు ఎర్రగా పరచుకుని ఉంటాయి. ఎండబోసిన పంటకు రాత్రిపూట కావలి కావాలి కనుక రైతు కుటుంబాలు అక్కడే మంట వేసుకుని పడుకుంటాయి. ఆ కావలి మంటలే నడిచేవాళ్లకు సత్రాలు.

ఆత్మకూరు దాటాక నేను కలిసి నడిచిన గుంపులో ఎక్కువమంది ఆడవాళ్లు. చలి ముదిరింది. కాళ్లు ఇక కదలనంటున్నాయి. కల్లంలోంచి ఒక టార్చిలైటు మా మీద పడింది.

“ఎటు పోతున్నరే? మేడారమా? మంచు పడుతది, ఇట్ల రాండ్రి.”

అంతే. ఇంకో మాట అడగలేదు. రైతు కొడుకు ఖాళీ గోనె సంచులు తెచ్చి మంట చుట్టూ పరిచాడు. మిరప ఘాటుకు ఒకరి తర్వాత ఒకరు దగ్గుతుంటే, “రేపటిదాంక అలవాటైతది” అని నవ్వాడు. అతని తల్లి మూడు రాళ్ల మీద నీళ్లు కాచింది. పిడికెడు ఉప్పు వేసి తట్టలో పోసి, మా గుంపులో కుంటుతూ వచ్చిన ఒకామె ముందు పెట్టింది. మడమ మీద బొబ్బ నిండుగా లేచి ఉంది.

“చిదమకు బిడ్డా, చిదిమితే పుండైతది. అట్లనే ఉండనియ్యి.”

పాదాలు నీళ్లలో నానాక కొంగుతో తుడిచి, పసుపు కలిపిన నూనె రాసి, పాత చీర పేలిక చుట్టింది. తన కంటే చిన్నదాని కాళ్లు పట్టుకుంటున్నానన్న ఆలోచన ఆమె ముఖంలో ఎక్కడా లేదు. కాళ్లు పట్టించుకున్నామెకే కళ్లు తడిశాయి. జొన్న గటక, పచ్చిపులుసు అందరికీ వచ్చాయి. అవి ఆ ఇంటివాళ్లు తమ కోసం వండుకున్నవి. ఆకుల్లో పంచేసరికి ఒక్కొక్కరికి కొంచెమే వచ్చింది, కానీ రాని మనిషి లేడు.

తెల్లవారుజామున మూటలు ఎత్తుకుంటుంటే ఆ పెద్దమ్మ చిన్న గుడ్డమూట తెచ్చింది. అందులో బెల్లం ముద్ద, కొంత పసుపు, గుప్పెడు బియ్యం.

“మోకాళ్లు సహకరిస్తలేవు. నా బంగారం గూడ గద్దె మీద పెట్టుండ్రి. తల్లికి నా పేరు జెప్పుండ్రి.”

రాత్రి కాళ్లు పట్టించుకున్నామే ఆ మూట అందుకుని తన బెల్లంతో కలిపి నెత్తిన పెట్టుకుంది.

ఒకరి మొక్కు ఇంకొకరి నెత్తిన

మేడారం తొవ్వ మీద దొరికే ఆదరణ గుట్టు ఆ గుడ్డమూటలో ఉంది. దాన్ని దానం అనుకుంటే పొరపాటు. దానం చేసేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉంటారు. ఇక్కడ ఇద్దరిదీ ఒకే మొక్కు. కాళ్లున్నవాళ్లు నడుస్తారు. నడవలేనివాళ్లు నీళ్లు కాచి, గటక పోసి, తమ వంతు యాత్ర వాకిట్లోనే చేసి, మిగతా తొవ్వను బాటసారి నెత్తిన పెడతారు. ఇల్లు దాటని ముసలమ్మ కూడా ఆ ఏడు మేడారం పోయినట్టే లెక్క.

అందుకే డబ్బు మాట ఎత్తితే నొచ్చుకుంటారు. మంచినీళ్ల పంపు దగ్గర కాసేపు కూర్చున్నా సరే, లేచేముందు ఎవరో ఒకరు వచ్చి చిన్న మూట చేతిలో పెడతారు. కొడుకు పుట్టాలని, కోడలి జబ్బు నయం కావాలని, బోరులో నీళ్లు పడాలని. గద్దెల దగ్గరికి చేరేసరికి నడిచేవాడి మూట బయల్దేరినప్పటి కంటే బరువెక్కుతుంది. అందులో తన బెల్లం ఎంతో, ఊళ్లది ఎంతో విడదీయడం కష్టం. గద్దె ముందు నిలబడి ఒక్కొక్కరి పేరూ చెప్పి బంగారం అప్పజెప్పేవాళ్లను చూశాను. వెనక జనం తోస్తున్నా ఒక్క పేరు కూడా వదిలిపెట్టరు. మాట ఇచ్చారు కదా.

అన్నం పెట్టడాన్నే మొక్కుగా మొక్కేవాళ్లున్నారు. బిడ్డ బతికి బయటపడితే మూడు జాతరల పాటు నడిచేవాళ్లకు పులిహోర పెడతామని మొక్కుకున్న ఇల్లు, చనిపోయిన తండ్రి పేరుతో చలివేంద్రం పెట్టే అన్నదమ్ములు, పదో తరగతి కలిసి చదువుకుని తలా ఇంత వేసుకుని రోడ్డు పక్క సల్ల పంచే పాత దోస్తులు. వీళ్లెవరికీ బ్యానరు ఉండదు. గిన్నె ఖాళీ అయితే కడుక్కుని ఇంటికి పోతారు.

ఈ ఆదరణ విలువ ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. వంద కిలోమీటర్ల తొవ్వలో మగవాళ్లకు లేని కష్టాలు వాళ్లకున్నాయి. మరుగు కావాలి, చీకట్లో తోడు కావాలి, నెలసరి వస్తే ఒక గది కావాలి. ప్రభుత్వం కట్టే మరుగుదొడ్లు ఎక్కువగా మేడారం చుట్టూరానే ఉంటాయి. మధ్య తొవ్వలో ఆదుకునేది ఇంటి ఆడవాళ్లే. “మా ఇంట్లకు రా అక్కా, సిగ్గుపడకు” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయే ఆ పిలుపు లేకుంటే నడిచే గుంపుల్లో ఆడవాళ్లు ఇంతమంది ఉండేవాళ్లు కాదు.

ఓరుగల్లు నడిచిన దిక్కు

ఈ తొవ్వకు ఒక పాత గాయం ఉంది. కోయలు తరతరాలుగా చెప్పుకునే కథలో కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీద దండెత్తింది ఓరుగల్లు నుంచే. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు. ఆ పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం వదిలాడు, అది జంపన్నవాగైంది. దెబ్బతిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది.

ఆ సైన్యం వెళ్లిన దిక్కుకే ఇవాళ ఓరుగల్లు జనం పోతున్నారు. ఈటెలకు బదులు నెత్తిన బెల్లం పెట్టుకుని, ఆ తల్లి ముందు తల వంచడానికి. ఆమె బిడ్డలైన కోయలు ఎదురొచ్చి వాళ్లకు నీళ్లిస్తున్నారు. పస్రా దాటాక అడవిలో గూడేల ముందు పందిళ్ల కింద ఎవరైనా పడుకోవచ్చు. కుండలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. ఏ ఊరు, ఏ కులం అన్న ప్రశ్న రాదు. ఇంతటి క్షమ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చెంబు చేతికిచ్చి, తాగేదాకా నిలబడతారు. ఓరుగల్లు నేల మీద పుట్టినవాడిగా నాకు ఈ యాత్రలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే అనిపిస్తుంది.

కాకతీయుల కాలంలోనే ఇంకో వైపు కూడా ఉంది. రుద్రమదేవి పాలనలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం గుంటూరు సీమలోని గోళకీ మఠం గురించి చెబుతుంది. విశ్వేశ్వర శివాచార్యుల ఆ మఠంలో ప్రసూతిశాల, వైద్యశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా ఎప్పుడొచ్చినా అన్నం పెట్టే సత్రం ఉండేవి. అన్నానికి కులం లేదని రాతి మీద చెక్కిన రాజ్యం అది. ఆ రాజ్యం పోయింది, ఆ సత్రమూ లేదు. రాత లేని కోయ గూడెంలో, మిరప కల్లంలో ఆ ధర్మం ఇంకా నడుస్తోంది.

కొండాయి చూపిన దారి

2023 జులై చివరి వారం. కుండపోత వానలకు జంపన్నవాగు ఎన్నడూ లేనంతగా పొంగింది. గోవిందరాజు ఉండే కొండాయి ఊరిని ముంచెత్తింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఇళ్లు కూలాయి, ధాన్యం కొట్టుకుపోయింది, పొలాల్లో ఇసుక మేట వేసింది.

ఏడు నెలలు తిరక్కుండానే 2024 ఫిబ్రవరి జాతర వచ్చింది. గాయం పచ్చిగానే ఉంది. అయినా గోవిందరాజు కొండాయి నుంచి కదిలాడు. తమ మనుషుల్ని మింగిన ఆ వాగు తీరం వెంటే దేవుణ్ని గద్దెలకు సాగనంపారు. ఈ నేల మీద ఆతిథ్యం మిగులులోంచి పుట్టింది కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు. ఉన్నప్పుడు పెట్టడం ఎవరికైనా వస్తుంది. పోగొట్టుకున్నాక కూడా వాకిలి మూయకపోవడం కొండాయి లాంటి ఊళ్లకే వస్తుంది. ఇలాంటి ఊళ్ల మీదుగా నడిచి వెళ్లేవాళ్లు వరదలొచ్చినప్పుడు వెనక్కి తిరిగి రావాలి. జాతరకు తిన్న గటక రుణం తీర్చుకునే చోటు గద్దె ఒక్కటే కాదు.

ఎండాకాలం మరో తొవ్వ

మాఘమాసం దాటి చైత్రం వచ్చేసరికి వరంగల్ నుంచి మరో తొవ్వ కాషాయం కట్టుకుంటుంది. హనుమాన్ దీక్ష తీసుకున్న స్వాములు కొండగట్టు అంజన్న గుడికి నడుస్తారు. చైత్ర పౌర్ణమికి చిన్న హనుమాన్ జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. నలభై ఒక్క రోజులు, ఇరవై ఒక్క రోజులు, పదకొండు రోజులు మాల వేసుకున్నవాళ్లు ఇరుముడితో బయల్దేరతారు. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు, కరీంనగర్, గంగాధర. కొండగట్టు చేరేసరికి వంద కిలోమీటర్లు దాటుతుంది.

అది నిప్పులు చెరిగే కాలం. అందుకే రాత్రిళ్లే నడక ఎక్కువ. పగలు స్వాములు ఆగే చోటల్లా పుచ్చకాయ ముక్కలు, సల్ల, నిమ్మకాయ నీళ్లు. ఫంక్షన్ హాళ్లు, బడులు, రైస్ మిల్లుల షెడ్లు విడిదులవుతాయి. మేడారం తొవ్వ కంటే ఇక్కడ ఏర్పాట్లు ఎక్కువ. సంఘాలున్నాయి, చందాలున్నాయి, ఫలానా ఊరి దగ్గర ఫలానావాళ్ల భిక్ష అని ముందే తెలుస్తుంది. అయినా ఈ రెండు తొవ్వల్లో మనసు ఒకటే. మాల వేసుకున్న కుర్రాడు పెద్దవాళ్లకు కూడా స్వామే. రోజంతా ఎవరో ఒకరి కింద పనిచేసే కూలీ ఆ కొద్ది రోజులు ప్రతి వాకిట్లో మర్యాద పొందుతాడు. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆ మర్యాద అతని నడవడిలో కొంత మిగిలిపోతుందని భార్యలు, తల్లులు చెబుతారు. నడక అంటే ఇష్టపడనివాళ్లు కూడా దీక్షల్ని గౌరవించేది అందుకే.

మన తొవ్వలకు లోకంలో తోబుట్టువులున్నాయి. ఇరాక్‌లో షియా ముస్లింల అర్బయీన్ రోజులకు నజఫ్ నుంచి కర్బలా దాకా సుమారు 80 కిలోమీటర్లు లక్షలాది మంది నడుస్తారు. తొవ్వ పొడవునా మౌకిబ్‌లనే గుడారాలు వేసి స్థానికులు అన్నం పెడతారు, పడక ఇస్తారు, కాళ్లు నొక్కుతారు. యాత్రికుడు తమ గుడారానికి రాకపోతే బతిమాలి పిలుచుకుపోతారు. మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశికి ఆళంది నుంచి పంఢరపురానికి జ్ఞానేశ్వరుడి పాదుకలతో పల్లకీ కదిలితే, ఊళ్లకు ఊళ్లే వారకరీలనే ఆ యాత్రికులకు వండి వడ్డిస్తాయి. భాష, మతం, దూరం వేరైనా మూడు చోట్లా జరిగేది ఒకటే. నడిచేవాడు ఇల్లు వదిలి చేయి చాచే స్థితికి తనంతట తానే వస్తాడు. ఆ చేయిని ఖాళీగా పంపకూడదని ఊరు పట్టుబడుతుంది.

తొవ్వ మిగలాలంటే

ఈ సంప్రదాయం తనంతట తాను నిలబడుతుందని చేతులు ముడుచుకోలేం. రోడ్డు వెడల్పయ్యే కొద్దీ నడిచేవాడికి చోటు తగ్గుతోంది. నాలుగు వరుసల రోడ్డు మీద రాత్రిపూట వేగంగా వచ్చే లారీకి మంచులో మనిషి కనిపించడు. పాత మర్రులు, చింతలు రోడ్ల విస్తరణకు పోయాయి. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం నడుమ అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా నేలకొరిగాయి. నీడ పోతే నడక పోతుంది. నడక పోతే వాకిళ్లు మూతపడతాయి. పలకరించడానికి ఎవరూ ఆగని తొవ్వ మీద చెంబు పట్టుకుని ఎవరు నిలబడతారు?

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. రోడ్డు పక్క మట్టి బాటను చదును చేసి ఉంచాలి. జాతర వారంలో తొవ్వ పక్క బడులు, పంచాయతీ కార్యాలయాలు రాత్రిపూట తెరిచి, అక్కడి మరుగుదొడ్లు, నల్లా నీళ్లు నడిచేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు అందుబాటులో పెట్టాలి. గట్టమ్మ దగ్గర, పస్రా దగ్గర కాళ్లకు మందు రాసే ఒక నర్సు కూర్చుంటే ఎన్నో నడకలు మధ్యలో ఆగవు. కోట్లు ఖర్చుపెట్టే జాతరలో ఇది లెక్కలోకి రాని ఖర్చు.

నడిచేవాళ్ల బాధ్యత కూడా ఉంది. వీపు మీద వెలుగుకు మెరిసే పట్టీ కట్టుకోవాలి, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు నడవాలి. సంచిలో ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం వేసుకుంటే తొవ్వంతా ప్లాస్టిక్ పారేయాల్సిన పని లేదు. పడుకున్న చోటును వచ్చినప్పటి కంటే శుభ్రంగా వదలాలి. తాగి ఇంకొకరి వాకిట్లోకి పోకూడదు. జాతర అయ్యాక చెత్త మధ్య మిగిలేది మేడారం, దాని చుట్టూ ఉన్న గూడేలు. జాతర ముగిసిన వారానికి వాళ్లు తిరుగువారం పండుగ చేసుకుంటారు. అప్పటికైనా ఆ నేలను వాళ్లకు శుభ్రంగా అప్పజెప్పడం అతిథుల కనీస ధర్మం.

తర్వాతి జాతర 2028లో. పూర్తిగా నడవలేనివాళ్లు గట్టమ్మ నుంచి నడవండి, అదీ కుదరకపోతే పస్రా నుంచి నడవండి. అసలే నడవలేనివాళ్ల ఇల్లు ఆ తొవ్వ పక్కనే ఉంటే ఒక కుండ నీళ్లు, ఒక చాప బయట పెట్టండి. పెట్టే చేయికి, పుచ్చుకునే చేయికి మధ్య తేడా లేని చోటు ఈ కాలంలో దొరకడం కష్టం. వరంగల్ వాళ్లకు అది ఇంటి ముందు నుంచే మొదలవుతుంది. దాన్ని మన పిల్లలకు రోడ్డుగా కాకుండా తొవ్వగా అప్పజెప్పే బాధ్యత మనది.